రెండుసార్లు ఫార్మాట్ చేసినా "గూగుల్ పోయిన" లాప్‌టాప్: ఒక సర్వీసు కేసు

మాది ఒంగోలు. లాప్‌టాప్, ప్రింటర్ సర్వీసు చేస్తాం, ముందు గదిలో చిన్న నెట్ సెంటరు కూడా ఉంది. మాకు ఎక్కువగా వచ్చే కంప్లయింటు "గూగుల్ రావట్లేదండీ" అని. ఈ ఒక్క ముక్క కింద ఏ రోగమైనా ఉండొచ్చు. వైఫై పాస్‌వర్డ్ మారి ఉండొచ్చు, క్రోమ్ తెరుచుకోకపోవచ్చు, జీమెయిల్ లాగిన్ పోయి ఉండొచ్చు, ఒక్కోసారి టాస్క్‌బార్ మీద క్రోమ్ గుర్తు కనపడకుండా పోయినా అదే మాట. కస్టమర్ దృష్టిలో బ్రౌజర్ (క్రోమ్ లాంటి, వెబ్‌సైట్లు చూపించే సాఫ్ట్‌వేర్), సెర్చ్ ఇంజన్ (వాటిని వెతికిపెట్టే సైట్), ఇంటర్నెట్, గూగుల్ కంపెనీ అన్నీ కలిపి ఒకటే వస్తువు. అందులో ఆయన తప్పేమీ లేదని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకో కింద చెప్తాను. కానీ రిపేరు చేసేవాడికి కూడా అవన్నీ ఒకటే అయితే కస్టమర్ జేబుకి చిల్లు పడుతుంది. ఈ కేసులో పడింది కూడా.

వచ్చినాయన రిటైరైన లెక్కల మాస్టారు (ఆయన సరేనన్నాకే రాస్తున్నాను, పేరు పెట్టడం లేదు). డాలస్‌లో ఉండే కొడుకు తను వాడి పక్కన పెట్టిన లాప్‌టాప్ ఇచ్చి వెళ్లాడు. మిషన్ బాగానే ఉంది, ఎస్‌ఎస్‌డీ, సరిపడా ర్యామ్. మాస్టారు దాంట్లో చేసేవి కొన్నే పనులు: పొద్దున్నే ఈ-పేపర్, పెన్షన్ స్లిప్పు, బ్యాంకు, రైలు టికెట్లు, తిరుమల దర్శనం టికెట్లు, ఆదివారం కొడుకుతో వీడియో కాల్.

"గూగుల్ పోయింది బాబూ. ఏది కొట్టినా ఇంకేదో వస్తోంది. రెండుసార్లు ఫార్మాట్ చేయించాను, మళ్లీ అదే."

రెండుసార్లు ఫార్మాట్ అనేసరికి నేను కూర్చున్నవాణ్ణి లేచాను. వివరం అడిగితే వరస ఇదీ. ముందు ఆయనే క్రోమ్ తీసేసి మళ్లీ ఎక్కించుకున్నారు, పోలేదు. ఒక షాపులో ఇస్తే వైరస్ అని విండోస్ మొత్తం ఫార్మాట్ చేసిచ్చారు. అక్కడ చూసినప్పుడు బాగుంది, ఇంటికెళ్లాక సాయంత్రానికల్లా మళ్లీ మొదలు. తిరిగి తీసుకెళ్తే ఇంకోసారి ఫార్మాట్ చేసి, ఈసారి కూడా వస్తే హార్డ్ డిస్క్ మార్చాల్సిందే అన్నారట. మార్చాల్సి వస్తుందేమోనన్న టెన్షన్‌తోనే మా దగ్గరికి వచ్చారు.

ఇలాంటి కేసుల్లో నేను మిషన్‌ని వెంటనే ముట్టుకోను. "మీరు ఇంట్లో ఎలా చేస్తారో అలాగే చేయండి మాస్టారూ, నేను వెనక నిలబడి చూస్తాను" అంటాను. కస్టమర్ నోటితో చెప్పేదానికీ చేతితో చేసేదానికీ చాలా తేడా ఉంటుంది, అసలు సమాచారం చేతిలోనే దొరుకుతుంది.

ఆయన క్రోమ్ తెరిచారు. కొత్త నోట్‌బుక్ తీసి, అందులో పేపర్ చూసి రాసుకున్న టీటీడీ వెబ్‌సైట్ అడ్రస్ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పైన బార్‌లో కొట్టారు. టిటిదేవస్థానమ్స్, స్పేస్, ఏపీ, స్పేస్, గవ్, స్పేస్, ఇన్. చుక్కలు లేవు. నోట్‌బుక్‌లో చుక్కలు ఉన్నాయి, కానీ అంత చిన్నవి అవసరం లేదనుకున్నారట, "ఎలా కొట్టినా వచ్చేస్తుందిగా". ఎంటర్ నొక్కారు. తెర ఒక్క క్షణం తెల్లబడింది, బార్‌లో ఎప్పుడూ వినని ఏదో అడ్రస్ కనపడీ కనపడకుండా మెరిసింది, ఆ తర్వాత ఇంకో సెర్చ్ ఇంజన్ రిజల్ట్స్ పేజీ తెరుచుకుంది. పైన వరసగా ప్రకటనలు. మాస్టారి వేలు అప్పటికే మొదటి దానిమీదికి వెళ్లిపోతోంది. "ఆగండి" అన్నాను.

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు ఒకేసారి జరిగాయి. ఒకటి, ఆయన ఇచ్చింది అడ్రస్ అనుకున్నారు, బార్ దాన్ని వెతకాల్సిన మాటగా తీసుకుంది. బార్ పద్ధతి మోటుగా చెప్తే ఇదే: మధ్యలో స్పేస్ లేకుండా, చుక్కలతో, చివర డాట్ ఇన్ లాంటిదేదో ఉంటే అది అడ్రస్, నేరుగా అక్కడికి తీసుకెళ్తుంది. లేదంటే సెర్చ్ ఇంజన్‌కి పంపిస్తుంది. రెండో సంగతి, ఏ సెర్చ్ ఇంజన్‌కి పంపాలన్న సెట్టింగ్‌ని ఎవరో మార్చారు.

దొంగ ఎక్కడున్నాడు

ఇప్పుడు మౌస్ నేను తీసుకున్నాను. క్రోమ్‌లోనే కొత్త ట్యాబ్‌లో గూగుల్ డాట్ కామ్ అని చుక్కతో సహా కొట్టాను. గూగుల్ శుభ్రంగా వచ్చింది, దాని బాక్సులో వెతికితే రిజల్ట్స్ కూడా వచ్చాయి. అంటే గూగుల్ ఎక్కడికీ పోలేదు, క్రోమ్‌కి కూడా జబ్బు లేదు. తర్వాత విండోస్‌తో వచ్చే ఇంకో బ్రౌజర్ ఎడ్జ్ తెరిచి అందులో అదే గూగుల్ డాట్ కామ్ కొట్టాను. అక్కడా వచ్చింది. కాబట్టి విండోస్, వైఫై, హోస్ట్స్ ఫైల్, డీఎన్ఎస్ (కొట్టిన అడ్రస్‌ని సరైన చోటికి చేర్చేవి) మీద అనుమానం చాలావరకు పోయింది. మూడోది, నాకు చాలా ఇష్టమైన పరీక్ష: క్రోమ్‌లో కుడివైపు పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కి గెస్ట్ విండో తెరవడం. గెస్ట్‌లో ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఉండవు, అకౌంట్ ఉండదు, బుక్‌మార్క్‌లు ఉండవు, ఒట్టి బ్రౌజర్. అందులో పైన బార్‌లో మాస్టారు కొట్టినట్టే స్పేసులతో కొడితే నేరుగా గూగుల్ రిజల్ట్స్. ఇంక వెతకాల్సిన చోటు ఒక్కటే మిగిలింది, ఆయన ప్రొఫైల్, అంటే క్రోమ్‌లో ఆయన పేరు మీద ఉండే సెట్టింగ్స్, ఎక్స్‌టెన్షన్లు.

ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిస్తే పీడీఎఫ్‌లు మార్చిపెడతానని చెప్పుకునే ఒకటి కూర్చుని ఉంది. వివరాల్లోకి వెళ్తే దానికున్న అనుమతి: మీరు వెళ్లే అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం. సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజన్ దగ్గర ఈ సెట్టింగ్ ఫలానా ఎక్స్‌టెన్షన్ చేతిలో ఉందని క్రోమే రాసి చూపిస్తోంది. ఇలాంటివి ఎక్కినప్పుడు సెర్చ్ మారింది, వెనక్కి మార్చమంటారా అని క్రోమ్ ఒక చిన్న పెట్టెలో అడుగుతుంది కూడా. కానీ తెరమీద వచ్చే ప్రతి పెట్టెకీ ఓకే కొట్టడం మనవాళ్లకి అలవాటు, ఇంగ్లిష్‌లో ఉంటే మరీను. మాస్టారికి గుర్తొచ్చింది, ఏదో సర్టిఫికెట్ సైజు తగ్గించాల్సి వస్తే ఒక సైట్ "ఇది వేసుకోండి" అందట, వేసుకున్నారు.

మరి ఫార్మాట్ చేస్తే ఎందుకు పోలేదు? కొత్త విండోస్ మీద క్రోమ్ ఎక్కించాక మాస్టారు ఇంటికెళ్లి, కొడుకు ఎప్పుడో చెప్పినట్టు తన జీమెయిల్‌తో క్రోమ్‌లో సైన్ ఇన్ అయ్యేవారు, బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు మళ్లీ రావాలి కదా. సింక్ ఆన్, అంటే అకౌంట్‌లో దాచినవన్నీ మిషన్‌లోకి దించే సదుపాయం. సింక్ తన పని నిజాయితీగా చేసింది: బుక్‌మార్క్‌లతోపాటు ఎక్స్‌టెన్షన్‌ని కూడా తెచ్చి యథాస్థానంలో పెట్టింది. అందుకే షాపులో బాగుండేది, సాయంత్రానికి ఇంట్లో వచ్చేది. దొంగ డిస్క్‌లో లేడు, అకౌంట్‌లో ఉన్నాడు. ఇంకా ఎన్ని డిస్కులు మార్చినా అంతే.

తీసేయడానికి పట్టింది రెండు క్లిక్కులు. సింక్ ఆన్‌లో ఉండగానే తీశాను, తీసేసిన సంగతి కూడా అకౌంట్‌లోకి వెళ్లాలి కాబట్టి. సెర్చ్ సెట్టింగ్ దానంతటదే గూగుల్‌కి వచ్చేసింది. తీశాక ఒకసారి సైన్ అవుట్ అయి, మళ్లీ సైన్ ఇన్ అయి, తిరిగి రాలేదని చూసుకున్నాను. నోటిఫికేషన్ల అనుమతి ఇచ్చిన పనికిమాలిన సైట్లు కొన్ని ఉంటే అవీ తీసేశాను. అన్ని పేజీలూ చదవగలిగే అనుమతి దానికి ఉండేది కనుక జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఆయన ఫోన్ నుంచి మార్పించాను. "క్రోమ్‌ని మీ సంస్థ నిర్వహిస్తోంది" అనే మెసేజ్ ఉంటే మాత్రం ఇంత తేలిగ్గా పోదు, అప్పుడు విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో పాలసీ కింద చూడాలి. ఇక్కడ అది లేదు.

ఇదంతా ఎవడికి లాభం?

మాస్టారు సరిగ్గా ఇదే అడిగారు. "నేను వెతికేది వాడి ద్వారా వెతికితే వాడికేంటి?"

డబ్బు. ఎక్స్‌టెన్షన్ వాడు మన ప్రశ్నని ముందు తన అడ్రస్‌కి రప్పించుకుంటాడు (ఆ క్షణంలో మెరిసింది అదే), అక్కణ్ణుంచి ఒక నిజమైన సెర్చ్ ఇంజన్‌కి పంపిస్తాడు, ఆ పేజీలో మనం ప్రకటన నొక్కితే వచ్చే దాంట్లో వాటా కొడతాడు. దారిలో మనం ఏమేం వెతుకుతున్నామో కూడా రాసుకోగలడు. పైన బార్‌లో కొట్టిన మాట డిఫాల్ట్‌గా (మనం ఏమీ మార్చకపోతే) ఎవరి దగ్గరికి వెళ్తుందన్నది అంత విలువైన చోటు. ఆ చోటు కోసం పెద్దవాళ్లు ఎంతిస్తారో అమెరికా కోర్టులో బయటపడింది: సఫారీ బ్రౌజర్‌లో డిఫాల్ట్ సెర్చ్‌గా ఉండడానికి ఒక్క 2022లో గూగుల్ ఆపిల్‌కి ఇచ్చింది 2,000 కోట్ల డాలర్లు. ఆ కేసులోనే 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా, సెర్చ్‌లో గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని తీర్పిచ్చారు. మన దగ్గర కూడా 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది, ఆ తర్వాతే ఇండియాలో కొత్త ఫోన్ సెటప్ చేసేటప్పుడు డిఫాల్ట్ సెర్చ్ ఇంజన్ ఎంచుకునే వీలు ఇస్తామని గూగుల్ ప్రకటించింది. పెద్దవాళ్లు కొనుక్కునే చోటుని ఈ చిల్లరగాళ్లు పీడీఎఫ్ పేరు చెప్పి కబ్జా చేస్తారు, అంతే తేడా.

ఇక మాస్టారి తప్పేమీ లేదని ఎందుకన్నానో చెప్తాను. మొదట్లో బ్రౌజర్లలో పైన బాక్సులో అడ్రస్ కొట్టేవాళ్లం. ఫైర్‌ఫాక్స్‌లో వెతకడానికి పక్కన వేరే బాక్సు ఉండేది, డిఫాల్ట్‌గా 2017 దాకా ఉంది. రెండు బాక్సులు పక్కపక్కన కనపడితే రెండు వేర్వేరు పనులని ఎవరూ చెప్పకుండానే తెలిసేది. 2008లో క్రోమ్ ఆ రెండిటినీ ఒకే బాక్సు చేసింది. చేతికి హాయి, కాదనను, నేనూ అలాగే వాడతాను. దానికి తోడు కొత్త ట్యాబ్ తెరవగానే మధ్యలో గూగుల్ అని పెద్దక్షరాలు. బ్రౌజర్ గూగుల్ వాళ్లది, సెర్చ్ గూగుల్ వాళ్లది, ఫోన్ తెరమీద కనపడే బార్ గూగుల్ యాప్‌ది. ఇవి వేరని మాస్టారికి ఎక్కణ్ణుంచి తెలియాలి?

మనవాళ్లకే తెలియదనుకునేవాళ్లకి ఇంకో ముక్క. 2009లో గూగుల్ మనిషే న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో నిలబడి బ్రౌజర్ అంటే ఏంటని దారినపోయేవాళ్లని అడిగాడు. వాళ్ల వీడియో లెక్క ప్రకారమే సరిగ్గా చెప్పింది 8 శాతం కంటే తక్కువ మంది. 2010 ఫిబ్రవరిలో జరిగింది ఇంకా చిత్రం: ఫేస్‌బుక్ లాగిన్ గురించి రీడ్‌రైట్‌వెబ్ అనే టెక్ వార్తల సైట్ రాసిన ఒక వార్త గూగుల్‌లో పైకి వచ్చింది. రోజూ "ఫేస్‌బుక్ లాగిన్" అని వెతికి మొదటి రిజల్ట్ నొక్కి ఫేస్‌బుక్‌లోకి వెళ్లే అలవాటున్న వందలమంది ఆ వార్త మీద పడ్డారు, ఫేస్‌బుక్ ఇలా మారిపోయిందేంటి, మా పాతది మాకివ్వండి అని కింద తిట్టిపోశారు. ఇది ఫేస్‌బుక్ కాదు బాబూ అని ఆ సైట్ వాళ్లు వార్త మధ్యలో లావుపాటి అక్షరాలతో రాసుకోవాల్సి వచ్చింది. అది వార్త కాబట్టి సరిపోయింది. అదే స్థానంలో డబ్బు గుంజే సైట్ ఉంటే?

హిస్టరీలో బయటపడింది

ఉంది కూడా. పాత అడ్రస్‌లు ఏవో సరిచేద్దామని క్రోమ్ హిస్టరీ తిరగేస్తుంటే తిరుమల, రూమ్స్ అనే మాటలు గీతలతో కలిపి కుట్టిన ఒక అడ్రస్ చాలాసార్లు కనపడింది. చివర గవ్ డాట్ ఇన్ లేదు. ఇదేంటి మాస్టారూ అంటే, కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు.

కుటుంబంతో కొండకి వెళ్దామని 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు దొరకబుచ్చుకున్నారు కానీ రూము దొరకలేదు. టీటీడీ కోటా నెలల ముందే విడుదలవుతుంది, చూస్తుండగానే అయిపోతుంది, తెలిసిందే. తర్వాతెప్పుడో మళ్లీ అదే నోట్‌బుక్ చూసి అవే స్పేసులతో కొడితే ఈ సైట్ ప్రకటనగా పైకి వచ్చింది. శ్రీవారి ఫోటో ఉంది, ఆ తేదీకి రూములు ఖాళీ అని ఉంది, వాట్సాప్ నంబర్ ఉంది. యూపీఐలో నాలుగు వేల చిల్లర కట్టారు. పీడీఎఫ్ రసీదు కూడా వచ్చింది. కొండమీద కౌంటర్లో చూపిస్తే ఇది మాది కాదన్నారు. ఇంట్లో చెప్పలేదు, కొడుక్కి అసలే చెప్పలేదు.

"తాళం గుర్తు ఉంది కదయ్యా, చూసే కట్టాను" అన్నారు. ఆ తాళం చేసే అన్యాయం ఇంతా అంతా కాదు. మనకీ ఆ సైట్‌కీ మధ్య మాటలు బయటివాడు వినలేడని మాత్రమే దానర్థం, అవతలివాడు మంచోడని కాదు. దొంగ సైట్‌కి కూడా ఆ తాళం ఉచితంగా దొరుకుతుంది. జనం ఇలాగే పొరపడుతున్నారని క్రోమ్ 2023లో అడ్రస్ పక్కన తాళం తీసేసి వేరే గుర్తు పెట్టింది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింటు పెట్టించాను. 1930కి ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, డబ్బు అవతలి అకౌంట్ దాటకముందే ఆపే అవకాశం ఉంటుంది. ఇక్కడ ఆలస్యమైపోయింది.

నేర్పించడం

నిర్వచనాలు చెప్తే ఎవరికీ ఎక్కవు, పెద్దవాళ్లకి మరీ. నేను మిషన్ మీద చేసి చూపిస్తాను. మొదట వైఫై ఆపేసి క్రోమ్ తెరిచాను. తెరుచుకుంది, డైనోసార్ బొమ్మ వచ్చింది. లాప్‌టాప్‌లో ఉన్న ఒక పీడీఎఫ్ అందులోకి లాగితే నెట్ లేకుండానే చూపించింది. "చూశారా, ఇది మీ మిషన్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్. నెట్ లేకపోయినా ఇది ఉంటుంది." తర్వాత వైఫై పెట్టి, క్రోమ్‌లో మూడు ట్యాబ్‌ల్లో గూగుల్, బింగ్, డక్‌డక్‌గో తెరిచి అదే ప్రశ్న మూడిట్లోనూ వేశాను. రిజల్ట్స్ వరస మూడు రకాలు. మళ్లీ ఎడ్జ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో గూగుల్ ఒక్కటే తెరిచాను. ఒకటే పేజీ. ఒక బ్రౌజర్‌లో ఎన్ని సెర్చ్ ఇంజన్లయినా, ఒక సెర్చ్ ఇంజన్ ఎన్ని బ్రౌజర్లలో అయినా. సెర్చ్ ఇంజన్ కూడా చివరికి ఒక వెబ్‌సైటే, కాకపోతే లోకంలోని పేజీల్ని వీలైనన్ని ముందే తిరిగి చదివి, ఏ మాట ఏ పేజీలో ఉందో పట్టిక కట్టుకుని కూర్చున్న వెబ్‌సైట్. మనం అడిగినప్పుడు వెతికేది ఆ పట్టికలో.

మాస్టారు కాసేపు ఆలోచించి, "అంటే బ్రౌజర్ నా కళ్లజోడు, సెర్చ్ ఇంజన్ పుస్తకం వెనకాల ఉండే పదసూచిక" అన్నారు. అంతే కదా మాస్టారూ అన్నాను. వెంటనే రెండో ప్రశ్న: "మరి డబ్బిచ్చిన వాడి పేరు సూచికలో మొదట వేస్తారేంటి?" దీనికి నా దగ్గర సమాధానం లేదు. ప్రకటన అని చిన్నక్షరాల్లో రాస్తారు, అదొక్కటే చూపించాను.

సూచిక లేకుండా పుస్తకం చదవలేమా అని కూడా అడిగారు. ఎందుకు చదవలేం. 1990లో టిమ్ బెర్నర్స్-లీ మొదటి బ్రౌజర్ రాసినప్పుడు వెబ్‌ని వెతికే సెర్చ్ ఇంజన్ లేనే లేదు, ఎక్కడెక్కడ వెబ్ సర్వర్లున్నాయో ఆయనే జాబితా రాసి పెట్టేవాడు. ఆ పద్ధతే మాస్టారికి పెట్టాను. పేజీ నంబరు తెలిసిన పుస్తకానికి సూచిక తిప్పడం దేనికి? ఆయన రోజూ వెళ్లే సైట్లన్నీ చుక్కలతో సహా ఆయన చేతే కొట్టించి, ఒక్కోటీ తెరుచుకున్నాక నక్షత్రం గుర్తు నొక్కించి బుక్‌మార్క్ బార్‌లో పెట్టించాను. ఈ-పేపర్, పెన్షన్, టీటీడీ, రైల్వే, బ్యాంకు. సెర్చ్ కొత్త విషయాలకి మాత్రమే: మోకాళ్ల నొప్పులు, మనవరాలికి కావలసిన ప్రాజెక్టు, పోలేరమ్మ జాతర తేదీ. డబ్బు కట్టే చోటికి మాత్రం సెర్చ్ నుంచి వెళ్లొద్దన్నాను, కస్టమర్ కేర్ నంబర్లు అసలు వెతకొద్దన్నాను.

అడ్రస్‌లో సైట్ పేరుని (వాలు గీతకి ముందున్న భాగాన్ని) చివరి నుంచి వెనక్కి చదవడం కూడా నేర్పాను, లెక్కల మాస్టారు కదా, ఇది మాత్రం చిటికెలో పట్టుకున్నారు. ముందు భాగంలో ఎవడైనా ఏమైనా రాసుకోవచ్చు, తిరుమల అని రాయొచ్చు, గవ్ అని కూడా ఇరికించొచ్చు, చివర ఏముందన్నదే అసలు. గవ్ డాట్ ఇన్ ప్రభుత్వం వాళ్లకే ఇస్తారు. బ్యాంకులకి డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని రిజర్వ్ బ్యాంక్ ప్రత్యేకంగా పెట్టింది, 2025 అక్టోబర్ 31 లోపు మారమని గడువిచ్చింది, ఆ పేర్లు రిజిస్టర్ చేసేది మన హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన సంస్థ ఐడీఆర్‌బీటీనే. ఐఆర్‌సీటీసీ మాత్రం డాట్ కో డాట్ ఇన్‌లోనే ఉంది, ఆ చివర ఎవరైనా కొనుక్కోవచ్చు, కాబట్టి అక్కడ బుక్‌మార్కే దిక్కు. టీటీడీ అడ్రస్ కూడా 2024 జనవరిలో మారింది, పాత కాగితాలు చూసి కొట్టేవాళ్లు గమనించుకోవాలి.

మా షాపులో దీని తర్వాత మారింది ఒకటే. బ్రౌజర్ కంప్లయింటుతో వచ్చిన ఏ మిషన్‌నైనా గెస్ట్ విండోలో చూడకుండా ఫార్మాట్ మాట ఎత్తొద్దని మా కుర్రాళ్లకి చెప్పాను. గెస్ట్‌లో బాగుంటే ఫార్మాట్ దండగ.

మాస్టారు ఆ మధ్య ప్రింటర్ ఇంకు కోసం వచ్చారు. ఎక్స్‌టెన్షన్ మళ్లీ రాలేదు. ఇప్పటికీ "గూగుల్ ఓపెన్ చేసి" అనే అంటారు, నేను సరిదిద్దను, చేతులు సరైన చోటికే వెళ్తున్నాయి. నాలుగు వేలు మాత్రం వెనక్కి రాలేదు. వాళ్లావిడ ఫోన్లో బ్రౌజర్లే మూడు ఉన్నాయట, ఒక్కోదాంట్లో ఒక్కో రకంగా వస్తోందట, వచ్చే వారం తీసుకొస్తానన్నారు.